చవకగా దొరికే ఏనుగు: ఎర్రబోరులో పాత విలాస వాహనం లెక్క

కొత్తగా ఉన్నప్పుడు కోటి రూపాయల దరిదాపుల్లో పలికిన విలాసవంతమైన ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం పన్నెండేళ్లు గడిచేసరికి పది పన్నెండు లక్షలకు అమ్మకానికి రావడం ఇప్పుడు వింత కాదు. ఒక మధ్యతరహా కొత్త కారుకు పెట్టే సొమ్ముతోనే బలమైన డీజిల్ ఇంజను, తోలు సీట్లు, ఎత్తైన దేహం, నాలుగు చక్రాలకూ శక్తి అందించే యంత్రాంగం సొంతమవుతాయన్న ఆలోచన ఎవరినైనా ఊరిస్తుంది. బస్తర్ దక్షిణ కొసన, కోంటకూ దోర్నపాల్‌కూ మధ్య జాతీయ రహదారిపై ఉన్న ఎర్రబోరు వంటి ఊళ్లలో ఈ ఆకర్షణ మరింత బలమైనది. రహదారి దిగితే మట్టిబాటలు, వర్షాకాలంలో పొంగే వాగులు, ఆసుపత్రికి గంటల తరబడి ప్రయాణం. ఇటువంటి చోట దిట్టమైన వాహనం కావాలనుకోవడం ఆడంబరం అనిపించుకోదు.

అయితే, వాహనం ధర తగ్గినంత మాత్రాన దానిని నిలుపుకునే ఖర్చు తగ్గదు. తునికాకు, చింతపండు, ఇప్పపువ్వు వ్యాపారంలోనో, రోడ్డు పనుల ఉప కాంట్రాక్టులలోనో ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును ఒక్క వాహనంపై పెట్టే కుటుంబం ఈ తేడాను ముందుగా గుర్తించకపోతే, ఆ వాహనం ఇంటి ముందు కదలని ఇనుముగా మిగిలే ప్రమాదం ఉంది. కొనాలా, వద్దా అన్న ప్రశ్నకు జవాబు అమ్మకపు ధరలో దొరకదు. మరమ్మతు చేయగల చోటు ఎంత దూరంలో ఉంది, కాగితాలకు మిగిలిన ఆయుష్షు ఎంత, కొన్న తర్వాత చేతిలో మిగిలే సొమ్ము ఎంత అన్న మూడు అంశాలే ఆ జవాబును నిర్ణయిస్తాయి.

రోడ్డుతో పాటు మారిన అవసరం

ఎర్రబోరు పేరు దేశానికి తెలిసింది విషాద వార్తల ద్వారానే. 2006 జూలైలో ఇక్కడి సల్వాజుడుం శిబిరంపై మావోయిస్టులు జరిపిన దాడిలో 30 మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. మరుసటి ఏడాది జూలైలో సమీప అడవిలో భద్రతా దళాలకు తీవ్ర ప్రాణనష్టం వాటిల్లింది. అప్పట్లో ఈ ప్రాంతం దంతెవాడ జిల్లాలో ఉండేది. 2012లో సుక్మా జిల్లా ఏర్పడింది. విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం, చింతూరు, కోంట, సుక్మా మీదుగా జగదల్‌పూర్‌కు వెళ్లే రహదారిని పూర్వం 221వ నంబరు జాతీయ రహదారిగా వ్యవహరించేవారు. నంబర్ల మార్పు తర్వాత అది ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ వరకు సాగే 30వ నంబరు రహదారిలో భాగమైంది. ఈ మార్గంలోనే, సుక్మాకూ జగదల్‌పూర్‌కూ మధ్య దర్భా లోయలో, 2013 మే 25న కాంగ్రెస్ నాయకుల వాహన శ్రేణిపై దాడి జరిగింది.

మందుపాతరల భయంతో రోడ్డు పనులు ఏళ్ల తరబడి నత్తనడక నడిచిన ఆ రోజుల్లో గుంతలు దాటగల వాహనమే దిక్కు. తర్వాతి కాలంలో ప్రధాన రహదారి మెరుగుపడింది. దోర్నపాల్ నుంచి జగర్‌గుండా వైపు రోడ్డు కోసం చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద రోడ్డు పనులకు కాపలాగా ఉన్న 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు మరణించారు. రోడ్డు వచ్చిన మేరకు ఫోర్ వీల్ డ్రైవ్ అవసరం కుదించుకుపోతుందన్నది తొలుత గమనించవలసిన విషయం. కోంటకో, భద్రాచలానికో, సుక్మాకో సాగే ప్రయాణాలే అధికమైతే మామూలు రెండు చక్రాల చోదక వాహనం చాలు. రహదారికి ఎడంగా ఉన్న పల్లెలకు వర్షాకాలంలో సరుకు చేరవేయవలసిన వారికి మాత్రమే నాలుగు చక్రాల శక్తి నిజమైన అవసరం. నెలలో ఎన్ని రోజులు ఆ అవసరం పడుతుందో లెక్కవేసుకోకుండా బేరానికి దిగడం తగదు.

భద్రత కోణంలోనూ ఒక భ్రమను తొలగించుకోవాలి. బరువైన విదేశీ వాహనం మందుపాతర నుంచి కాపాడదు. 2025 జూన్ 9న కోంట–ఎర్రబోరు మార్గంలో దోండ్రా సమీపంలో ఐఈడీ పేలి కోంట అదనపు పోలీసు సూపరింటెండెంట్ ఆకాశ్‌రావ్ గిరిపుంజే మరణించిన ఘటన ఇంకా మరపునకు రాలేదు. కవచం వేరు, ఎత్తైన చక్రాలు వేరు.

ధరలు ఎందుకు పడిపోయాయి?

పాత విలాస వాహనాల ధర పతనానికి యాంత్రిక కారణాల కంటే విధానపరమైన కారణాలే ఎక్కువ. దేశ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. అటువంటి వాహనాలకు ఇంధనం పోయరాదన్న నిబంధనను ఢిల్లీలో 2025 జూలై 1 నుంచి అమలుచేయబోయి, ప్రజల నిరసనతో కొద్ది రోజులకే నిలిపివేశారు. ఆగస్టు 12న సుప్రీంకోర్టు యజమానులపై బలవంతపు చర్యలు వద్దన్నది. డిసెంబర్‌లో ఆ రక్షణను బీఎస్–4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. విధానం ఇలా ఊగిసలాడుతున్నప్పుడు ఢిల్లీ యజమాని తన డీజిల్ వాహనాన్ని వచ్చిన ధరకు ఇతర రాష్ట్రాలకు వదిలించుకోజూడటం సహజం. బస్తర్‌కు ఆ ఉత్తర్వు వర్తించదు. కానీ, కొన్నవారు రేపు అమ్మదలచుకుంటే రాజధాని మార్కెట్ తలుపులు మూసే ఉంటాయి.

పన్నుల సవరణ రెండో కారణం. పెద్ద ఎస్‌యూవీలపై జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం దాకా ఉన్న భారం 2025 సెప్టెంబర్ 22 నుంచి సెస్సు లేకుండా 40 శాతానికి తగ్గింది. కొత్త వాహనం ధర తగ్గినప్పుడు పాతదాని ధర యథాతథంగా నిలవదు. మూడో కారణం కొన్ని కంపెనీల నిష్క్రమణ. ఎండీవర్‌ను తయారుచేసిన ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో భారత్‌లో తయారీకి స్వస్తి పలుకుతున్నట్లు ప్రకటించింది. ఒకప్పుడు రాజకీయ నాయకుల హోదాకు గుర్తుగా నిలిచిన పజేరోను చెన్నై సమీపంలోని తిరువళ్లూరులో హిందుస్థాన్ మోటార్స్ కూర్చి విక్రయించేది. ఆ అధ్యాయమూ ముగిసింది. విక్రయాలు ఆగిన వాహనానికి విడిభాగాలు లభించవని కాదు గానీ, అవి ఏ ధరకు, ఎన్ని వారాలకు లభిస్తాయన్నదానిపై కొనుగోలుదారుకు అదుపు ఉండదు.

అమ్మేవారికి తెలిసినదీ, కొనేవారికి తెలియనిదీ

పాత వాహనాల బేరంలోని చిక్కును అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లోనే సూత్రీకరించారు. లోపభూయిష్టమైన కారును అమెరికన్లు వాడుకలో ‘నిమ్మకాయ’ అంటారు. వాహనం గుణం అమ్మేవారికి తెలుసు, కొనేవారికి తెలియదు. అందువల్ల కొనేవారు సగటు ధరకు మించి ఇవ్వరు. సగటు ధరకు మంచి బండిని వదులుకోవడానికి దాని యజమాని ఇష్టపడడు. ఫలితంగా మంచివి మార్కెట్ నుంచి తప్పుకొని, లోపాలున్నవే ఎక్కువగా మిగులుతాయి. ఈ విశ్లేషణకు గుర్తింపుగా ఆయన 2001లో నోబెల్ పురస్కారాన్ని ఇద్దరు సహచర ఆర్థికవేత్తలతో పంచుకున్నారు.

వయసు మళ్లిన విలాస వాహనానికి ఈ సూత్రం నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది. భారీ మరమ్మతు బిల్లు రాబోతున్నదని వర్క్‌షాపు చెప్పిన మరునాడే బండిని అమ్మకానికి పెట్టే యజమానులు ఉండకపోరు. తిరిగిన దూరాన్ని చూపే మీటరును వెనక్కు తిప్పడం కష్టమైన పని కాదు. 2015 డిసెంబర్‌లో చెన్నైని, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌ను, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తిన వరదల్లో వేలాది వాహనాలు నీట మునిగాయి. విలాస వాహనాల్లో ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టెలలో కొన్ని సీట్ల కింద, నేల తివాచీ కింద అమర్చి ఉంటాయి. నీరు తగిలిన తీగల చివరలు నెలల తరబడి మెల్లగా తుప్పు పడతాయి. పైకి నిగనిగలాడే బండి ఏడాది తర్వాత అంతుచిక్కని లోపాలతో మొరాయించడానికి ఇదొక కారణం. సీటు బెల్టును చివరి దాకా లాగి మట్టి మరకలు చూడటం, సీట్ల పట్టాల కింద తుప్పు వెతకడం, తివాచీ ఎత్తి వాసన చూడటం ఖర్చులేని పరీక్షలు.

ధర దిగింది, ఖర్చు దిగలేదు

వాహనం విలువ ఏటేటా క్షీణిస్తుంది. దాని విడిభాగాల ధర మాత్రం కోటి రూపాయల బండికి తగిన స్థాయిలోనే నిలుస్తుంది. పన్నెండు లక్షలకు కొన్న వాహనానికి గేర్‌బాక్సు చెడితే, కంపెనీవారు పన్నెండు లక్షల బండి గేర్‌బాక్సు ఇవ్వరు, కోటి రూపాయల బండిదే ఇస్తారు. ఏనుగును కొన్నవారు అంకుశానికి వెనుకాడితే లాభం లేదన్న పెద్దల మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

పదేళ్లు దాటిన తర్వాత ఈ వర్గం వాహనాల్లో అలసిపోయేవి దాదాపు తెలిసినవే. ఇనుప స్ప్రింగులకు బదులు గాలి తిత్తులపై నిలిచే ఎయిర్ సస్పెన్షన్‌లో రబ్బరు పగుళ్లు బారి గాలి కారుతుంది. ఆ లోటు పూడ్చడానికి కంప్రెసరు విరామం లేకుండా తిరిగి అదీ చెడుతుంది. తెల్లవారేసరికి బండి ఒక మూల కుంగి కనబడితే కారణం ఇదే. ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనెను, శక్తిని ముందు వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు నూనెను ఏళ్ల తరబడి మార్చని యజమానులు ఎందరో. టైమింగ్ బెల్టు గడువు దాటి తెగితే, అనేక ఇంజన్లలో వాల్వులు, పిస్టన్లు ఢీకొని ఇంజనే పోతుంది. టర్బో, ఇంజెక్టర్లు, రేడియేటరుకు చెందిన ప్లాస్టిక్ భాగాలు వయసుతో బలహీనపడతాయి. వీటిలో ఏ ఒక్కటీ అసాధారణమైన లోపం కాదు. వయసు తెచ్చే సహజమైన అరుగుదల మాత్రమే. కానీ, అన్నీ ఒకే కాలంలో వంతుకు వస్తాయి.

దీనిని అంకెల్లో చూద్దాం. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలే తప్ప మార్కెట్ ధరల పట్టిక కాదు. పన్నెండేళ్ల విలాస వాహనాన్ని 12 లక్షలకు కొని ఐదేళ్లు, ఏడాదికి 12 వేల కిలోమీటర్లు నడిపామనుకుందాం. కొనగానే టైర్లు, బెల్టులు, నూనెలు, బ్రేకులకు 2 లక్షలు. ఏడాదికి సగటున లక్షన్నర చొప్పున మరమ్మతులకు 7.5 లక్షలు. లీటరుకు 8 కిలోమీటర్లు ఇస్తూ, లీటరు ధర వంద రూపాయలనుకుంటే డీజిల్‌కు 7.5 లక్షలు. బీమా, పన్నులు, రుసుములకు 2 లక్షలు. ఐదేళ్లలో ఒక్క పెద్ద మరమ్మతుకు 4 లక్షలు. మొత్తం 35 లక్షలు. చివరికి 4 లక్షలకు అమ్ముడుపోయినా నికర వ్యయం 31 లక్షలు, అంటే కిలోమీటరుకు సుమారు 52 రూపాయలు.

అదే 12 లక్షలతో ఐదేళ్ల వయసున్న సాదాసీదా దేశీయ ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం కొంటే? తొలి మరమ్మతులకు 50 వేలు, ఐదేళ్ల నిర్వహణకు 2 లక్షలు, లీటరుకు 13 కిలోమీటర్ల లెక్కన డీజిల్‌కు 4.6 లక్షలు, బీమా తదితరాలకు 2 లక్షలు, పెద్ద మరమ్మతుకు లక్ష. మొత్తం 22.1 లక్షలు. అమ్మితే 6 లక్షలు వచ్చాయనుకుంటే నికర వ్యయం 16.1 లక్షలు, కిలోమీటరుకు సుమారు 27 రూపాయలు. కొన్న ధర ఒక్కటే. భరించిన వ్యయం దాదాపు రెట్టింపు. ఎవరి అంకెలు వారు వేసుకున్నా ఈ లెక్క తీరు మాత్రం మారదు.

మరమ్మతుకు ఎంత దూరం?

నగరవాసి లెక్కకూ ఎర్రబోరువాసి లెక్కకూ మధ్య అసలైన తేడా ఇక్కడే ఉంది. విలాస వాహన కంపెనీల అధీకృత వర్క్‌షాపులు రాయపూర్, విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాద్ వంటి నగరాలకే పరిమితం. ఎర్రబోరు నుంచి ఇవన్నీ వందల కిలోమీటర్ల దూరం. కోంట, చింతూరు, భద్రాచలం, సుక్మా మెకానిక్కులు జీపులు, బొలెరోలు, ట్రాక్టర్లు, లారీలను కళ్లు మూసుకొని విప్పి బిగించగలరు. ఆ నైపుణ్యం తక్కువది కాదు. అయితే, విలాస వాహనంలో ఒక సెన్సారు చెడినా కంప్యూటరు ఇంజను శక్తిని తగ్గించివేస్తుంది. కంపెనీకి తగిన స్కానరు లేనిదే లోపం ఏదో కనుగొనడం కష్టం. కొన్ని భాగాలను మార్చిన తర్వాత వాటిని ఆ వాహనానికి పరిచయం చేసే సాఫ్ట్‌వేరు పని కూడా ఉంటుంది. రెంచీతో తీరే పని కాదది.

పర్యవసానం ఏమిటంటే, నగరంలో ఒక పూటలో తీరే లోపం ఇక్కడ వారం పది రోజుల వ్యవహారమవుతుంది. బండిని లారీపై ఎక్కించి పంపాలి. మనిషి వెంట వెళ్లాలి. విడిభాగం వచ్చేదాకా ఆగాలి. ఈలోగా తునికాకు కోతల కొద్దిపాటి కాలం గడిచిపోవచ్చు. అర్ధరాత్రి పురిటి నొప్పులు పడుతున్న మహిళను భద్రాచలం చేర్చవలసి రావచ్చు. అటువంటి సమయంలో వాహనం ఎంత ఖరీదైనదన్న దానికంటే, తాళం తిప్పగానే కదులుతుందా లేదా అన్నదే ముఖ్యం. మారుమూల ప్రాంతాలకు వాహన యోగ్యత అంటే సత్తువ మాత్రమే కాదు, చేరువలో బాగుచేయించుకోగల వీలు కూడా.

ఇంధనం, వరద నీరు

ఆధునిక డీజిల్ ఇంజన్లు వేయి బార్లకు మించిన ఒత్తిడితో ఇంధనాన్ని చిమ్ముతాయి. వాటి ఇంజెక్టర్ల రంధ్రాలు అతి సన్నం. పాత జీపు ఇంజను సహించే నీటి చుక్కను, ధూళి రేణువును అవి సహించవు. బంకు దూరమైన పల్లెల్లో డబ్బాల్లో, పీపాల్లో నిల్వ ఉంచిన డీజిల్ పోయించుకునే అలవాటు ఉన్నవారు ఈ వాహనాల జోలికి పోకపోవడమే మేలు. పెట్రోలు వాహనమైతే చిక్కు మరో రకం. దేశంలో పెట్రోలులో ఇథనాల్ మిశ్రమం 2025లో 20 శాతానికి చేరింది. అంతకు పూర్వపు పాత వాహనాల్లో రబ్బరు గొట్టాలు, సీళ్లు ఆ మిశ్రమాన్ని దృష్టిలో ఉంచుకొని తయారైనవి కావు.

వరద సంగతి ఈ ప్రాంతవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి ఎగదన్ని, చింతూరు వైపు రహదారి మునిగి రాకపోకలు స్తంభించాయి. విలాస ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలు కొంత లోతు నీటిని దాటగలవన్న మాట నిజమే. కానీ, కంపెనీ ప్రకటించే లోతు కొత్త వాహనానికి, నిలకడగా ఉన్న నీటికి వర్తించేది. పన్నెండేళ్ల సీళ్లతో, ప్రవహించే వాగులో ఆ అంకెను నమ్ముకోరాదు. డిఫరెన్షియల్‌లోకి నీరు చేరితే నూనె పాలలా తెల్లబడి పళ్లచక్రాలు అరిగిపోతాయి. వాగు ఉధృతంగా పారుతున్నప్పుడు ఏ వాహనానికైనా ఆగిపోవడమే క్షేమం.

కాగితాలకూ వయసుంటుంది

మోటారు వాహనాల చట్టం ప్రకారం వ్యక్తిగత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత సామర్థ్య పరీక్షలో నెగ్గితే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 600 రూపాయల నుంచి 5 వేలకు, దిగుమతి చేసుకున్న కారుకు 40 వేలకు పెంచారు. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో ఈ రుసుములను వరుసగా 10 వేలు, 80 వేలుగా నిర్ణయించారు. పన్నెండేళ్ల వాహనం కొన్నవారు మూడేళ్లలోనే ఈ గడపకు చేరుకుంటారు. ఒకే పేరున్న వాహనాల్లో కొన్ని భారత్‌లో కూర్చినవి, కొన్ని పూర్తిగా దిగుమతి అయినవి ఉంటాయి. రిజిస్ట్రేషన్ పత్రంలో ఏమని నమోదైందో చూడకుండా బయానా ఇవ్వరాదు.

మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న కోంట ప్రాంతానికి మరొక చిక్కు ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ నంబర్లున్న వాహనాలు ఇక్కడ తిరగడం మామూలే. కానీ, ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. అందుకు మూల రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం, ఇక్కడ మళ్లీ పన్ను చెల్లింపు అవసరం. కొన్నవారు 30 రోజులలోగా యాజమాన్య బదిలీకి దరఖాస్తు చేసుకోవాలి. బదిలీ జరగనంతవరకు ప్రమాద పరిహారం విషయంలో రికార్డుల్లోని యజమానిదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పాత యజమాని బాకీపడిన రుణం, చలానాలు తీరాయో లేదో రవాణా శాఖ రికార్డులో సరిచూసుకోవాలి.

నమోదిత డీలరు వద్ద కొంటే, అతడి లాభంపై 18 శాతం జీఎస్టీ ధరలో కలిసి ఉంటుంది. వ్యక్తి నుంచి వ్యక్తి నేరుగా కొంటే ఆ పన్ను లేదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ అధికార పత్రం పొందాలి. ఆ పత్రం చూపలేని మధ్యవర్తితో బేరం క్షేమకరం కాదు. బీమా విషయంలో ఐదేళ్లు దాటిన వాహనం విలువను ఉభయుల అంగీకారంతో నిర్ణయిస్తారు. ప్రమాదంలో దెబ్బతిన్న రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగమే పరిహారం. వయసుతో చెడిన గేర్‌బాక్సుకు, కుంగిన ఎయిర్ సస్పెన్షన్‌కు మామూలు పాలసీ పైసా చెల్లించదు. పెద్ద ఖర్చు వచ్చే చోటనే బీమా ముఖం చాటేస్తుందన్న మాట.

ఎవరు కొనవచ్చు?

పాత విలాస వాహనం పక్షాన చెప్పవలసినదీ ఉంది. పటిష్ఠమైన దేహం, అధిక సంఖ్యలో ఎయిర్‌బ్యాగులు, మెరుగైన బ్రేకులు దాని సొత్తు. ఆనాటి చౌక వాహనాల్లో ఈ రక్షణలు చాలావరకు లేవు. దూర ప్రయాణంలో అలసట తక్కువ. విలువ ఇప్పటికే పడిపోయినందున ఇక పడవలసింది కొద్దే. అన్ని విలాస వాహనాలనూ ఒకే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. 2009లో భారత్‌కు వచ్చిన టొయోటా ఫార్చ్యూనర్ వంటివి ఇనుప స్ప్రింగులు, చాసిస్ మీద దేహం ఉన్న నిర్మాణంతో, సరళమైన ఇంజనుతో తయారయ్యాయి. విస్తారంగా అమ్ముడైనందున విడిభాగాలూ, పని తెలిసినవారూ చిన్న పట్టణాల్లో సైతం దొరుకుతారు. వాటి పాత ధర అంతగా పడిపోకపోవడానికి కారణం ఇదే. మార్కెట్ ఏ వాహనానికి ఎందుకు ఎక్కువ చెల్లిస్తున్నదో గమనిస్తే, మరొకటి ఎందుకు చవకగా దొరుకుతున్నదో బోధపడుతుంది.

కాబట్టి ఎర్రబోరు కొనుగోలుదారుకు తేల్చి చెప్పదగినది ఇది. కొనుగోలు ధరకు తోడు అందులో కనీసం సగం సొమ్ము మరమ్మతుల కోసం విడిగా ఉన్నవారు, ఇంట్లో కదలగల మరో వాహనం ఉన్నవారు, అధీకృత వర్క్‌షాపు సేవా చరిత్రను వరుసగా చూపగల ఒకే యజమాని బండి దొరికినవారు, కొనేముందు దానిని నగరంలో స్కానరుతో, లిఫ్టుపై ఎక్కించి పరీక్షింపజేసినవారు ముందుకు సాగవచ్చు. చల్లారిన ఇంజనును ఉదయాన్నే తమ కళ్లెదుట తిప్పించడం, ఎయిర్ సస్పెన్షన్ ఉంటే రాత్రంతా నిలిపి ఉదయం ఎత్తు కొలవడం, తక్కువ గేరు పరిధిని నిజంగా వేసి చూడటం తప్పనిసరి. ఫోర్ వీల్ డ్రైవ్ మీటను ఏళ్లుగా తాకని బండ్లలో అది అవసరానికి పనిచేయకపోవడం కద్దు.

ఉన్న సొమ్మంతా ధరకే సరిపోయేవారు, అప్పు చేసి కొనదలచినవారు, కుటుంబానికి అదొక్కటే ఆధారమైనవారు దీనికి దూరంగా ఉండటం శ్రేయస్కరం. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత ఈ వాహనాల విషయంలో కొంత తిరగబడింది. కొనబోతే పూలపానుపులా కనిపిస్తుంది, అమ్మబోతేనే అడవి. చెడిన విలాస వాహనానికి మారుమూల పల్లెలో కొనుగోలుదారు దొరకడు. దానిని తరలించే ఖర్చు కూడా అమ్మేవారి మీదే పడుతుంది.

ప్రభుత్వం చేయవలసినదీ కొంత ఉంది. సామర్థ్య పరీక్షకు వచ్చిన ప్రతిసారీ తిరిగిన దూరాన్ని, బీమా సంస్థ పూర్తి నష్టంగా ప్రకటించిన వాహనాల వివరాలను కొనుగోలుదారు సులువుగా చూసుకునే ఏర్పాటు ఉంటే అకెర్లాఫ్ చెప్పిన చిక్కు సగం విడిపోతుంది. అంతవరకు ఆ పరిశోధన భారం కొనేవారిదే. రహదారి పొడవునా రాకపోకలు పెరిగి, దక్షిణ బస్తర్ మార్కెట్‌కు చేరువవుతున్న ఈ దశలో నగరాలు వదిలించుకునే వస్తువులు ముందుగా ఇటే వస్తాయి. వాటిలో పనికివచ్చేదేదో, భారమయ్యేదేదో విడదీసి చూడగలిగిన కుటుంబమే తన కష్టార్జితాన్ని నిలబెట్టుకుంటుంది.